మహేంద్ర చౌదరి: ఫిజీలో ఒక ఆడిటర్ రాజకీయం

(విశాఖపట్నంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ఫిజీ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. "మాస్టారూ, ఆ దేశం రాజకీయం మన ఊళ్లో ఎవరికి కావాలండీ?" అన్నారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లలో మన విశాఖపట్నం వాళ్లు ఉన్నారు. గోదావరి, నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఓట్లేసిన ఎన్నికల కథే నేను చెప్పబోయేది. కాబట్టి మనది కాని సంగతేం కాదు.

ఈ కథలో ప్రధాన పాత్ర మాత్రం తెలుగువాడు కాదు. మహేంద్రపాల్ చౌదరి. ఆయన తాతగారు 1902లో హర్యానాలోని రోహ్‌తక్ దగ్గర బహు జమాల్‌పూర్ అనే ఊరి నుంచి వెళ్లారు. మనవడు ఫిజీకి ప్రధానమంత్రి అయ్యాడు. భారతీయ సంతతి నుంచి ఆ పదవికి వచ్చిన మొట్టమొదటి మనిషి ఆయనే. సరిగ్గా ఏడాదికి తుపాకీ పెట్టి దింపేశారు. మన పత్రికల్లో అప్పట్లో వచ్చింది అంతవరకే. దాని ముందు ముప్పై ఏళ్లు, వెనక ఇరవై ఏళ్లు ఉన్నాయి. నాకు ఆసక్తి వాటి మీద.

నేనూ ఉద్యోగ సంఘాల్లో పనిచేసినవాణ్ణే కనుక చౌదరిలాంటి మనుషుల్ని దగ్గరగా చూశాను. రూలు పుస్తకం కంఠతా వచ్చినవాళ్లు. మేనేజ్‌మెంటు ముందు కూర్చుంటే ఫలానా క్లాజు, ఫలానా సబ్ క్లాజు అని వేలు పెట్టి చూపించి, అవతలివాడికి చెమటలు పట్టించేవాళ్లు. అలాంటివాడు ఒక సంఘాన్ని ఎంతో బలంగా నడపగలడు. అదే మనిషికి దేశాన్ని అప్పగిస్తే ఏమవుతుంది? చౌదరి జీవితం చూస్తే ఎంతో కొంత అర్థమవుతుంది.

ముందు ఆ దేశం సంగతి కొంచెం చెప్పాలి. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ లెవుకా రేవుకు చేరింది. అక్కడి నుంచి 1916 దాకా అరవై వేల మందికి పైగా భారతీయులు వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లారు, దాన్నే వాళ్లు గిర్మిట్ అంటారు. పని చెరకు తోటల్లో. మిల్లులు ఆస్ట్రేలియా కంపెనీవి, కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. ఒప్పందం అయిపోయాక చాలామంది అక్కడే ఉండిపోయారు. కంపెనీ వాళ్లకు తలా పదెకరాల చొప్పున కౌలుకిచ్చి, చెరకు పండించి మిల్లుకు తోలమంది.

ఇక్కడే అసలు మెలిక ఉంది. భూమి వాళ్లది కాదు. ఫిజీలో ఎనభై శాతానికి పైగా భూమి అక్కడి మూలవాసులదే. వాళ్లను ఇతౌకేయి అంటారు. ఆ భూమిని అమ్మడానికి వీల్లేదు, కౌలుకు మాత్రమే ఇవ్వాలి. ఇచ్చేది కూడా ఒక ట్రస్ట్ బోర్డు ద్వారానే, దాన్ని అప్పట్లో నేటివ్ లాండ్ ట్రస్ట్ బోర్డు అనేవారు. అంటే చెరకు భారతీయుడిది, నేల ఇతౌకేయిది, మిల్లు కంపెనీది. 1973లో కంపెనీ వెళ్లిపోయాక మిల్లు సర్కారుది. సైన్యమో, దాదాపు పూర్తిగా ఇతౌకేయిలది. 1986 జనాభా లెక్కల్లో భారతీయులు 48 శాతానికి కాస్త ఎక్కువ, ఇతౌకేయిలు 46 శాతం. ఈ నాలుగు ముక్కలూ గుర్తుపెట్టుకుంటే తర్వాత జరిగిన ప్రతి గొడవా అర్థమవుతుంది.

చౌదరి 1942 ఫిబ్రవరి 9న తవువాలో పుట్టారు. చుట్టూ చెరకు, పక్కనే వతుకౌలా బంగారు గనులు. చదువయ్యాక ఆడిటర్ జనరల్ ఆఫీసులో చేరారు. సర్కారు డబ్బు ఎక్కడెక్కడ కారిపోతుందో పట్టుకునే ఉద్యోగం. 1970లో ఫిజీ స్వతంత్రమైంది. దాదాపు అప్పుడే ఆయన ప్రభుత్వోద్యోగుల సంఘానికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1999లో ప్రధాని అయ్యేదాకా ఆ కుర్చీ వదల్లేదు. 1978 నుంచి దానితో పాటు చెరకు రైతుల సంఘం, నేషనల్ ఫార్మర్స్ యూనియన్. ఆ పైన దేశంలోని కార్మిక సంఘాల సమాఖ్యలో పదవి. గుమాస్తా, రైతు, కార్మికుడు, ముగ్గురి తాళాలూ ఒక్క మనిషి జేబులోనే. మన దగ్గర ఏ నాయకుడికైనా ఇలాంటి వీలు చిక్కిందా అని ఆలోచిస్తే నాకు ఒక్క పేరూ తట్టలేదు.

అయితే ఆ రోజుల్లో భారతీయుల పార్టీ అంటే చౌదరిది కాదు, నేషనల్ ఫెడరేషన్ పార్టీ. దాని గురించి ఒక ముచ్చట చెప్పాలి. 1977 ఏప్రిల్ ఎన్నికల్లో 52 స్థానాల సభలో ఆ పార్టీకి 26 వచ్చాయి. ఎదుటి అలయన్స్ పార్టీకి 24. గెలిచింది మనమే అనుకున్నారు. కానీ నాయకుడెవరన్న దాని మీద లోపల కీచులాట మొదలైంది, ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. వీళ్లు తేల్చుకుని వచ్చేసరికి గవర్నర్ జనరల్ పాత ప్రధాని రాతూ మారా చేతే మళ్లీ ప్రమాణం చేయించేశారు. సెప్టెంబరులో మళ్లీ ఎన్నికలు పెడితే చిత్తుగా ఓడారు. ఓట్లు రావడం వేరు, కుర్చీలో కూర్చోవడం వేరని ఫిజీ భారతీయులకు తెలిసిరావడం అది మొదటిసారి.

1985లో కార్మిక సంఘాలన్నీ కలిసి ఫిజీ లేబర్ పార్టీ పెట్టాయి. ప్రభుత్వం జీతాలు పెంచకుండా బిగించేయడం దానికి తక్షణ కారణం. అధ్యక్షుడు డాక్టర్ తిమోచి బవాంద్ర, ఇతౌకేయి. వెనక నుంచి నడిపించినవాళ్లలో ముఖ్యుడు చౌదరి. జాతిని బట్టి కాకుండా జీతాన్ని బట్టి, కూలిని బట్టి ఓటడగడం ఆ దేశంలో కొత్త. 1987 ఏప్రిల్ ఎన్నికల్లో లేబర్, ఫెడరేషన్ కలిసి 28 స్థానాలు గెలిచాయి. బవాంద్ర ప్రధాని, చౌదరి ఆర్థిక మంత్రి. ఇంకో పేరు కూడా చెప్తాను వినండి: న్యాయశాఖ, అటార్నీ జనరల్ పదవి జైరామ్ రెడ్డికి. పేరు వినగానే కొంతమంది నవ్వుతున్నారు. ఆయన దగ్గరికి మళ్లీ వస్తాను, తప్పకుండా వస్తాను.

ఆ ప్రభుత్వం ఉన్నది ఒక్క నెల. మే 14న ఉదయం పదింటికి సభ నడుస్తుండగా లెఫ్టినెంట్ కర్నల్ సితివేని రంబూకా ముసుగులేసుకున్న సైనికులతో లోపలికొచ్చి ప్రధానితో సహా అందరినీ ట్రక్కులెక్కించాడు. తేదీ గమనించారా? మొదటి ఓడ వచ్చిన రోజే. నూట ఎనిమిదేళ్ల తర్వాత అదే తేదీన, మీ మనవలకు ఇక్కడ పాలించే హక్కు లేదని చెప్పినట్టయింది. సెప్టెంబరులో రంబూకా రెండోసారి కుట్ర చేసి, అక్టోబరులో దేశాన్ని రిపబ్లిక్‌గా ప్రకటించాడు.

ఆ తర్వాత చాలామంది భారతీయులు మూటాముల్లె సర్దుకున్నారు. డాక్టర్లు, టీచర్లు, అకౌంటెంట్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా వెళ్లిపోయారు. 2007 లెక్కల నాటికి భారతీయుల వాటా 37.5 శాతానికి దిగిపోయింది. వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు. చెరకు రైతు ఎక్కడికి వెళ్తాడు? అతనితో పాటు చౌదరి ఉండిపోయారు. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్క విషయంలో మాత్రం నోరెత్తను.

1990లో కొత్త రాజ్యాంగం రాశారు. 70 స్థానాల్లో ఇతౌకేయిలకు 37, భారతీయులకు 27. ప్రధాని ఇతౌకేయి అయి తీరాలి. ఆ చట్రంలోనే 1992లో ఎన్నికలు. భారతీయుల 27లో ఫెడరేషన్‌కు 14, లేబర్‌కు 13. ఇతౌకేయిల్లో ప్రధాని పదవికి ఇద్దరు పోటీ పడ్డారు, రంబూకా, కమికమితా. ఎవరూ ఒంటరిగా నెగ్గే పరిస్థితి లేదు. అప్పుడు చౌదరి ఏం చేశారో చెబితే మీకు ఆశ్చర్యమేస్తుంది. తనను ట్రక్కెక్కించిన రంబూకాకే మద్దతిచ్చారు!

ఊరికే ఇవ్వలేదు. రాజ్యాంగాన్ని పునఃపరిశీలించాలి, కార్మిక వ్యతిరేక ఉత్తర్వులు తీసేయాలి, వ్యాట్ సంగతి చూడాలి, కౌలు సమస్య తేల్చాలి అని షరతులు పెట్టి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అచ్చం యూనియన్ నాయకుడు వేతన ఒప్పందం చేసుకున్నట్టే. సంతకం ఉంది కాబట్టి జరిగి తీరుతుందని నమ్మారు. రంబూకా మాట జరిపాడు, జరిపాడు, ఇంకా జరిపాడు. మరుసటి ఏడాది లేబర్ సభ్యులు విసిగి సభ నుంచి బయటికి నడిచారు. 1994లో మళ్లీ ఎన్నికలొస్తే లేబర్ 13 నుంచి 7కు పడిపోయింది. ఫెడరేషన్‌కు 20. జనం ఆ బేరాన్ని మెచ్చలేదన్నమాట.

ఇప్పుడు జైరామ్ రెడ్డి. లౌతోకాలో పుట్టి పెరిగినవాడు, న్యాయవాది, ఫెడరేషన్ పార్టీ నాయకుడు. మాట మెత్తన, పట్టుదల తక్కువేం కాదు. 1983లో స్పీకర్ తోమసి వకతోరాతో మాటామాటా పెరిగి, ఈయన స్పీకర్‌గా ఉన్నంతకాలం ఈ సభకు రానని లేచి వెళ్లిపోయాడు. పదేళ్లు గడిచాక కొత్త రాజ్యాంగం కోసం వేసిన ముగ్గురు సభ్యుల సంఘంలో ప్రభుత్వం తరఫున వచ్చింది ఆ వకతోరాయే. రెడ్డి తరఫున చరిత్రకారుడు బ్రిజ్ లాల్. అధ్యక్షుడు న్యూజిలాండ్ నుంచి వచ్చిన పాల్ రీవ్స్. రెడ్డి ఈసారి ఏ పంతానికీ పోలేదు. రంబూకాతో కూర్చుని, ఓపిగ్గా మాట్లాడి, 1997 రాజ్యాంగాన్ని సాధించాడు. ఇతౌకేయి పెద్దల మహామండలిలో నిలబడి ప్రసంగించిన మొదటి భారతీయ సంతతి నాయకుడు కూడా ఆయనే. ప్రధాని ఏ జాతివాడైనా కావచ్చన్న వాక్యం ఆ రాజ్యాంగంలో వచ్చింది రెడ్డి, రంబూకాల చలవ వల్లే.

ఆ చెట్టు రెడ్డి నాటితే పండు కోసుకున్నది చౌదరి. ఎలాగో చెప్తాను. ఇందులో ఆడిటర్ బుర్ర కనిపిస్తుంది.

కొత్త రాజ్యాంగంలో ఓటింగ్ పద్ధతి మారింది. ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టాలి. ఎవరికీ సగం దాటకపోతే, అందరికన్నా వెనకబడ్డవాణ్ణి తీసేసి అతని ఓట్లను తర్వాతి వరసవాడికి బదలాయిస్తారు. అన్నీ నింపే ఓపిక లేనివాళ్లు పార్టీ గుర్తు దగ్గర ఒక టిక్కు పెడితే చాలు, ఆ పార్టీ ముందే ఇచ్చిన వరసే వాళ్ల వరస అయిపోతుంది. చాలామంది అలాగే పెట్టారు. అంటే ఓటు ఎటు పోవాలో నిర్ణయించేది పార్టీ ఆఫీసులో కూర్చున్న మనిషి. ఈ పద్ధతి పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, మధ్యేమార్గం వాళ్లు కలుస్తారని. రెడ్డి ఆ ఉద్దేశాన్ని నమ్మి రంబూకాతో జతకట్టాడు. చౌదరి లెక్క చూసుకున్నారు. రంబూకాకు వ్యతిరేకమైన ఇతౌకేయి పార్టీలతో ఇచ్చిపుచ్చుకున్నారు. రెడ్డి పార్టీని మాత్రం తన జాబితాలో అట్టడుక్కి తోసేశారు.

1999 మే ఎన్నికల ఫలితం: 71లో లేబర్‌కు 37. మొదటి వరస ఓట్లు మూడో వంతు ప్రాంతంలోనే వచ్చినా సొంతంగా మెజారిటీ. ఫెడరేషన్‌కు దాదాపు 15 శాతం ఓట్లు, స్థానాలు సున్నా. రెడ్డి కూడా ఓడాడు. రాజ్యాంగం తెచ్చినవాడికి ఆ రాజ్యాంగం కింద పెట్టిన మొదటి సభలో కుర్చీ లేదు. తర్వాత ఆయన రువాండా మారణకాండ మీద వేసిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో జడ్జి అయ్యాడు, 2022లో కన్నుమూశాడు. తెలుగువాడి మీద అభిమానంతో అంటున్నానని మీరనుకోవచ్చు, అనుకోండి. నా దృష్టిలో ఆ ఇద్దరిలో పెద్ద మనిషి రెడ్డే. గెలిచినవాడు మాత్రం చౌదరి.

ఫలితాలొచ్చాక లేబర్‌తో కలిసిన ఇతౌకేయి పార్టీల్లో గుసగుసలు మొదలయ్యాయి, ఒక భారతీయుడు ప్రధానా అని. అధ్యక్షుడు రాతూ మారా వాళ్లను పిలిచి నచ్చజెప్పారు. మే 19న చౌదరి ప్రమాణం చేశారు. మంత్రివర్గంలో ఎక్కువమంది ఇతౌకేయిలే. ఇద్దరు ఉప ప్రధానులూ ఇతౌకేయిలే, అది కావాలనే చేసుకున్న ఏర్పాటు.

ఇక ఆ ఏడాది పాలన. పేదవాడి వంటింటి సరుకుల మీద పన్ను తీసేశారు. సర్కారు సంస్థల అమ్మకాన్ని ఆపారు. అందులో తప్పేం కనపడదు. చిక్కు వచ్చింది కౌలు దగ్గర. కౌలు చట్టం కింద ఇచ్చిన ముప్పై ఏళ్ల కౌళ్లు 1997 నుంచి ఒక్కొక్కటే ముగుస్తున్నాయి. ఇంటి మీద రేకు కూడా తీసుకుని వెళ్లిపోమని రైతులకు నోటీసులొస్తున్నాయి. చౌదరి రెండు పనులు చేశారు. ఖాళీ చేసిన రైతుకు 28,000 ఫిజీ డాలర్ల సాయం ప్రకటించారు. ఖాళీగా పడి ఉన్న భూమిని వాడుకలోకి తేవడానికి భూ వినియోగ కమిషన్ పెట్టాలన్నారు.

కాగితం మీద చూస్తే రెండూ సబబే. కానీ ఇతౌకేయి పల్లెలో అది ఎలా వినిపించిందో ఆలోచించండి. మన భూమి జోలికి వస్తున్నాడు, తనవాళ్లకేమో డబ్బు పంచుతున్నాడు. ట్రస్ట్ బోర్డుతో మాట్లాడి, పెద్దల మండలితో మాట్లాడి, నెమ్మదిగా నడపాల్సిన వ్యవహారాన్ని ఆయన నేరుగా తలపెట్టారు. పత్రికలతో రోజూ గొడవ. కన్నకొడుకును తన ఆఫీసులో కార్యదర్శిగా పెట్టుకున్నారు. ఇది చట్టవిరుద్ధం కాకపోవచ్చు. ఆడిటర్‌గా ఇంకో మంత్రి ఫైల్లో అదే చూసి ఉంటే ఎర్ర సిరాతో గీత గీసేవారు కాదా? తనకు 37 ఉన్నాయి, చట్టం తన పక్కన ఉంది, అది చాలుననుకున్నారు. ఇదొక్కటే నేను ఆయన మీద మోపే పెద్ద అభియోగం. కుట్రకు అది సాకు అయ్యుండవచ్చు గానీ కుట్ర చేసినవాళ్ల తప్పు దానివల్ల ఒక్క వీసమూ తగ్గదు.

2000 మే 19, ప్రభుత్వానికి మొదటి పుట్టినరోజు. రాజధాని సువా వీధుల్లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపు జరుగుతోంది. అదే సమయానికి జార్జ్ స్పైట్ అనే వ్యాపారి, సైన్యంలోని ప్రత్యేక దళం మనుషులు కొందరిని వెంటేసుకుని పార్లమెంటులోకి చొరబడ్డాడు. ప్రభుత్వ కలప సంస్థ నుంచి ఆ మధ్యే తీసేసిన మనిషి. ఫిజీ మహాగని తోటల విలువ కోట్లలో ఉంటుంది. నోట్లో మాట ఇతౌకేయి హక్కులు, వెనకాల ఈ కలప బేరం. ఊళ్లో భారతీయుల దుకాణాలు దోచుకున్నారు, తగలబెట్టారు.

ప్రధానిని, మంత్రుల్ని యాభై ఆరు రోజులు బందీలుగా ఉంచారు. చౌదరిని కొట్టారు కూడా. బందీల్లో అధ్యక్షుడు మారా సొంత కూతురు, మంత్రి కొయిలా కూడా ఉంది. బయట ఏం జరిగిందంటే, ప్రధాని పని చేసే స్థితిలో లేడు కనుక అన్న రాజ్యాంగపు సాకుతో మే 27న మారా చౌదరిని తప్పించారు. అందుకోసం ఒక మంత్రిని కొన్ని నిమిషాల పాటు ప్రధానిని చేశారు, సలహా రాసివ్వడానికి మాత్రమే! ఇంకో రెండు రోజులకు సైన్యాధిపతి బైనిమరామా మారానే పక్కకు తప్పించి అధికారం తీసుకున్నాడు. బందీలు జూలై 13న విడుదలయ్యారు. బయటికొచ్చేసరికి చౌదరి ప్రధాని కాదు, ఆ కుర్చీలో సైన్యం కూర్చోబెట్టిన లైసెనియా ఖరాసే ఉన్నాడు. స్పైట్‌కు 2002లో మరణశిక్ష వేసి యావజ్జీవంగా మార్చారు. 2024 సెప్టెంబరులో క్షమాభిక్ష పెట్టి వదిలేశారు.

తర్వాత ఆరేళ్లు కోర్టుల్లో నడిచాయి. ఇళ్లు కోల్పోయి శిబిరం పాలైన ఒక మామూలు భారతీయ రైతు, నా రాజ్యాంగం ఏమైందని కేసు వేశాడు. 2001 మార్చిలో అప్పీలు కోర్టు 1997 రాజ్యాంగం బతికే ఉందని తీర్పిచ్చింది. సైన్యం, సర్కారు తలొంచి ఎన్నికలు పెట్టాల్సి వచ్చింది. ప్రపంచంలో కుట్రదారుల ప్రభుత్వం కోర్టు మాట విని ఎన్నికలకు దిగిన సందర్భాలు ఎన్నని వెతుక్కోవాలి. ఆ ఎన్నికల్లో ఖరాసే పార్టీకి 32, లేబర్‌కు 27. పది శాతం స్థానాలు దాటిన ప్రతి పార్టీకీ మంత్రివర్గంలో చోటివ్వాలని రాజ్యాంగంలో ఉంది. ఖరాసే ఇవ్వనన్నాడు. చౌదరి కోర్టుకెక్కారు. 2003 జూలైలో సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది. ఖరాసే చిన్నాచితకా శాఖలు చూపించాడు, చౌదరి వద్దన్నారు, చివరికి 2004లో ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు. 2006లో మళ్లీ ఎన్నికలు, లేబర్‌కు 31. ఈసారి తొమ్మిది మంది లేబర్ మంత్రులు క్యాబినెట్‌లో చేరారు. తాను మాత్రం చేరలేదు. ప్రభుత్వంలో ఉన్న తన మంత్రులు బడ్జెట్‌కు ఓటెయ్యాలా వద్దా అన్న దాని మీద పార్టీ నిలువునా చీలింది. చిరకాల సహచరులు దూరమయ్యారు.

ఇంతవరకూ ఆయన మొండివాడు అనవచ్చు, తొందరపాటు మనిషి అనవచ్చు. రూలు తప్పాడని మాత్రం ఎవరూ అనలేరు. ఆ బలం ఒక్కటే ఆయనకు మిగిలింది.

2006 డిసెంబరు 5న బైనిమరామా ఖరాసే ప్రభుత్వాన్ని కూలదోశాడు. నాలుగో కుట్ర. 2007 జనవరిలో ఆ సైనిక ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా ప్రమాణం చేసింది ఎవరు? మహేంద్ర చౌదరి. ఆర్థికం, ప్రణాళిక, చక్కెర పరిశ్రమ మూడూ ఆయన చేతికే.

రెండుసార్లు తుపాకీతో పదవి పోయిన మనిషి మూడోసారి తుపాకీ పక్కన నిలబడ్డాడు. ఎందుకు? ఆయన వైపు నుంచి చూద్దాం. ఖరాసే, 2000 కుట్రలో పాలుపంచుకున్నవాళ్లకు క్షమాభిక్ష పెట్టే బిల్లు తెచ్చాడు. బైనిమరామా దాన్ని అడ్డుకున్నాడు. జాతి పేరుతో ఓటింగ్ తీసేస్తానన్నాడు, అవినీతి ఊడ్చేస్తానన్నాడు. లేబర్ పార్టీ పుట్టినప్పటి నుంచి అడిగినవే ఇవి. పైగా చక్కెర మునిగిపోతోంది. ఐరోపా మార్కెట్టు ఫిజీ పంచదారకు ఇచ్చే ప్రత్యేక ధరను 36 శాతం తగ్గించుకుంటూ వస్తోంది. రైతును కాపాడాలంటే కుర్చీలో ఉండాలి కదా అన్నది ఆయన వాదన. ఇందులో నిజం లేదనను. కానీ కుట్ర జరిగింది కాబట్టే ఐరోపా సంఘం చక్కెర పరిశ్రమకు ఇవ్వాల్సిన సాయాన్ని ఆపేసింది. తను కాపాడదామనుకున్న రైతుకు, తను చేరిన ప్రభుత్వం వల్లే డబ్బు ఆగింది. ఎదుటి ఫెడరేషన్ పార్టీ సభలో ఒక్క స్థానం లేకుండానే, కుట్ర తప్పు అని చెప్పి బయటే నిలబడింది.

ఆ పదవిలో ఏడాదిన్నర ఉన్నారు. 2008 జూలైలో సీసా నీళ్ల ఎగుమతి మీద లీటరుకు ఇరవై సెంట్ల పన్ను వేశారు. ఫిజీ వాటర్ పేరు మీరూ వినే ఉంటారు, అమెరికాలో సంపన్నుల బల్లల మీద ఉండే సీసా. కంపెనీలన్నీ కలిసి ఉత్పత్తి ఆపేశాయి. వారాల్లోనే పన్ను వెనక్కి పోయింది. ఆ పన్నులో న్యాయం ఉందనే నా అభిప్రాయం. నేల కింద నీటిని తోడుకుని అమ్ముకునేవాడు కొంచెం కట్టాలి. ముందుగా ఎవరితోనూ మాట్లాడకుండా వేసేయడం, మళ్లీ అదే పాత అలవాటు.

అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది. 2000 తర్వాత భారతదేశంలో అభిమానులు ఆయన కోసం పోగుచేసి పంపిన డబ్బు ఆస్ట్రేలియా బ్యాంకుల్లో ఉందని పత్రికల్లో వచ్చింది. ఆ కథనాలు వచ్చిన కొద్ది రోజులకే ఫిజీ సన్ పత్రిక ప్రచురణకర్తను దేశం నుంచి పంపేశారు. ప్రభుత్వం వేసిన విచారణ బృందం, పన్ను ఎగవేత ఏమీ లేదని తేల్చింది. ఆగస్టులో చౌదరి పదవి వదిలి బయటికొచ్చారు, బైనిమరామాను విమర్శించడం మొదలుపెట్టారు. 2010లో ఆయన మీద విదేశీ మారకద్రవ్య చట్టం కింద కేసు పెట్టారు. సుమారు పదిహేను లక్షల ఆస్ట్రేలియా డాలర్లను రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా బయట ఉంచుకున్నారన్నది అభియోగం. 2014లో హైకోర్టు దోషి అని తేల్చి ఇరవై లక్షల ఫిజీ డాలర్ల జరిమానా వేసింది. లోపల ఉండగా రాని కేసు బయటికొచ్చాక వచ్చిందని ఆయన మనుషులు అంటారు. అది కొట్టిపారేయలేని మాట. చట్టంలో ఆ నిబంధన ఉందన్నదీ కొట్టిపారేయలేం. రూలు పుస్తకంతో బతికిన మనిషిని చివరికి పట్టుకున్నది ఒక రూలే.

ఆ శిక్షతో 2014 సెప్టెంబరు ఎన్నికల్లో పోటీకి అనర్హుడయ్యారు. 2013 రాజ్యాంగంతో జాతి స్థానాలు పోయాయి, అందరికీ ఫిజియన్ అనే ఒకే పేరు, ఒకే ఓటు. చౌదరి తరం కోరుకున్నది అదే. ఆ కోరిక తీర్చిన పేరు మాత్రం బైనిమరామాకు దక్కింది. భారతీయుల ఓట్లు మూకుమ్మడిగా అటే వెళ్లాయి, ఆయన పార్టీకి 50లో 32 స్థానాలు. లేబర్‌కు 2.4 శాతం. ఐదు శాతం దాటితేనే స్థానం, కాబట్టి ఒక్కటీ రాలేదు. 2018లో అదీ పడిపోయింది, ఒక్క శాతం కూడా లేదు.

ఇక్కడితో ఆపుతాను. ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరస నుంచి ఒకరు: "ఆ సైనిక ప్రభుత్వంలో చేరకపోయి ఉంటే ఆయన పరిస్థితి ఏమయ్యేదంటారు?")

మంచి ప్రశ్నండీ. ఊహే గానీ దానికి ఒక ఆధారం ఉంది. చేరకుండా నిలబడ్డ ఫెడరేషన్ పార్టీని చూడండి. 1999లో సున్నా, 2001లో ఒక్కటి, 2006లో మళ్లీ సున్నా. అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 2014లో మూడు స్థానాలతో తిరిగొచ్చింది. 2022లో రంబూకా మళ్లీ ప్రధాని అయినప్పుడు, అవును ఆ రంబూకాయే, ఆ కూటమిలో ఫెడరేషన్ భాగస్వామి. దాని నాయకుడు బిమన్ ప్రసాద్ ఉప ప్రధాని, ఆర్థిక మంత్రి అయ్యాడు. 1987లో చౌదరి నెల రోజులు కూర్చున్న కుర్చీ అది. చౌదరి ఆగి ఉంటే తప్పకుండా గెలిచేవారని చెప్పను. నిలబడటానికి చోటు మాత్రం ఉండేది.

(ఒక విద్యార్థిని: "అక్కడి తెలుగువాళ్లు ఇప్పటికీ తెలుగు మాట్లాడతారా, సార్?")

చాలా తక్కువమ్మా. ఇంట్లో మాట ఎక్కువగా ఫిజీ హిందీయే. దక్షిణాది వాళ్లంతా మొదట 1926లో ఒకే సంఘంగా కలిశారు. తర్వాత 1941లో తెలుగువాళ్లు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు, బడులు నడిపారు. ఓటు దగ్గర మాత్రం తెలుగు, తమిళం, హిందీ అని చీలింది తక్కువ. చెరకు రైతా, కాదా అన్నదే ఎక్కువ పనిచేసింది. చౌదరికి ఓటేసిన రెడ్లు, నాయుళ్లు లెక్కలేనంత మంది ఉంటారు.

(మొదటి వరసలోంచి: "ఆయన ఇప్పుడేం చేస్తున్నారు?")

2022లో కూడా పార్టీని పోటీలో నిలబెట్టారు, అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు. మూడు శాతం లోపే ఓట్లొచ్చాయి. అప్పటికీ పార్టీ పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి, చెరకు ధర మీద, బడ్జెట్ మీద ప్రకటనలు ఇస్తూనే ఉన్నారు. ఆ ప్రకటనలు కొన్ని చదివాను. అంకెలు పక్కాగా ఉంటాయి.